ఎర్ర పట్టీ, తెల్ల పట్టీ

"ఆ తలుపు తెరవకండి!" అని మారెన్ అరిచేలోపే ఆస్గెర్ తెరిచేశాడు.

డిసెంబర్ గాలి ఫెర్రీలోకి దూసుకొచ్చి, ఆమె ఒళ్ళో ఉన్న అట్టపెట్టె మూత ఎగరగొట్టింది. ఎర్ర, తెల్ల పట్టీలతో చిన్న సంచుల్లా అల్లిన కాగితపు గుండెలన్నీ గుంపుగా లేచి, తలుపులోంచి బయటికి పోయి నీళ్ళ మీద వాలాయి.

"అబ్బ, భలే తేలుతున్నాయే!" ఆస్గెర్ నోరు జారాడు.

"భలేనా? అవి మా అమ్మమ్మ అల్లినవి! ఇప్పుడావిడ చేతులు వణుకుతాయి, మళ్ళీ అల్లలేదు. దీవిలో ఆవిడుండే వృద్ధాశ్రమంలో క్రిస్మస్ చెట్టుకి కట్టాలని తీసుకెళ్తున్నా. ఇప్పుడేం కట్టమంటారు, మీ టోపీనా?"

ఆస్గెర్ నిజంగానే టోపీ తీశాడు. ఫెర్రీని రేవులో తాళ్ళతో కట్టడం, తలుపులు చూడటం అతని ఉద్యోగం.

"సారీ అండీ. కొత్తవి ఇస్తాను."

"కొన్నవి ఒప్పుకోను. చేత్తో అల్లాలి. వచ్చా?"

"ఎవరికి రాదు చెప్పండి?"

అతనికి రాదు. వాళ్ళ ఊరు స్వెన్‌బోర్‌లో నర్సరీ పిల్లలకి కూడా వచ్చిన పనే అది. కానీ అమ్మ లేని ఇంట్లో, చేపల పడవ నడిపే నాన్న దగ్గర పెరిగాడు. క్రిస్మస్‌కి చెట్టుండేది, దీపాలుండేవి. కూర్చోబెట్టి కాగితం అల్లించేవాళ్ళే లేరు.

ఆ ఆదివారం ఆశ్రమం భోజనాల బల్ల దగ్గర ముగ్గురూ కూర్చున్నారు. అమ్మమ్మ బోదిల్‌కి కోపమే రాలేదు.

"పోతే పోయాయిలే, రంగు కూడా వెలిసిపోయాయి. కుర్రాడు మాత్రం బాగున్నాడు."

"అమ్మమ్మా, అతనికి వినపడుతుంది!"

"వినపడాలనే అన్నా."

ఆస్గెర్ తల వంచుకుని చాప అల్లినట్టు పట్టీలని పైకీ కిందకీ లాగాడు. కాగితం చిరిగింది. ఇంకోటి తీశాడు. అదీ చిరిగింది.

మారెన్ అతని చేతులనే చూస్తోంది. "మీకు రాదు కదూ?"

"రాదండీ. ఇంట్లో నేర్పేవాళ్ళు లేరు."

ఆమె కోపం ఎటు పోయిందో పోయింది. కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"చూడు. ప్రతి పట్టీ రెండు మడతలు. ఎర్ర పట్టీ తెల్లదాని మడతల మధ్య, పొట్టలోంచి దూరాలి. పక్క గడికొచ్చేసరికి తెల్లది ఎర్రదాని పొట్టలోంచి. ఒకసారి నువ్వు చోటివ్వాలి, ఒకసారి నేనివ్వాలి."

"'మీరు' మానేశారే?"

"పట్టీల సంగతి చెప్తున్నా!" అంది కానీ, చెవులు ఎర్రబడ్డాయి. "చలి" అని తనే చెప్పుకుంది. హీటరేమో పక్కనే ఉంది.

ప్రతి ఆదివారం అలాగే గడిచింది. ఆస్గెర్ గుండెలు మొదట వంకరగా వచ్చినా, పోనుపోనూ నిండుగా తయారయ్యాయి. లోపల మసాలా బిస్కెట్లు పోసినా విడిపోలేదు.

ఒకరోజు ఫెర్రీ కెప్టెన్ ప్రేబెన్ మారెన్‌ని పలకరించాడు. "మావాడు వెళ్ళిపోతున్నాడు, చెప్పాడా? దూరాన బోర్న్‌హోమ్ దీవికెళ్ళే పెద్ద ఫెర్రీలో పోస్ట్ వచ్చింది."

చెప్పలేదు. ఆ మాట ఆమెకి గుచ్చుకుంది. తర్వాతి ఆదివారం బల్లకి అటు చివర కూర్చుంది.

"ఆ కత్తెర అందుకోండి."

ఆస్గెర్ బిత్తరపోయాడు. బోదిల్ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ కాఫీ తాగింది.

క్రిస్మస్ ముందురోజు చెట్టుకి గుండెలన్నీ కట్టారు, దీపాలు వెలిగించారు. చేతులు పట్టుకుని చెట్టు చుట్టూ తిరుగుతూ పాడటానికి అందరూ లేస్తుంటే ఆస్గెర్ ఆమెకి అడ్డొచ్చి నిలబడ్డాడు.

"నేనేం చేశాను? మళ్ళీ 'మీరు' ఎందుకు?"

"బోర్న్‌హోమ్ వెళ్ళే పెద్దమనుషులకి మర్యాద ఇవ్వాలిగా."

"ప్రేబెన్ చెప్పాడా? అతనికి సగమే తెలుసు. ఎన్నాళ్ళుగానో కోరుకున్న పోస్టే. నిన్న పొద్దున ఫోన్ చేసి వద్దన్నాను."

"పిచ్చా నీకు? ఎవరు మానుకోమన్నారు?"

"ఎవరూ అనలేదు. ఒక్కరంటే బాగుండని చూశా. ఆ ఒక్కరేమో 'కత్తెర అందుకోండి' అంది."

మారెన్‌కి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "నాకు ముందే చెప్పొచ్చుగా!"

"చెప్తే నీ మీద భారం వేసినట్టుంటుందని. నువ్వంటే నాకు చాలా ఇష్టం, మారెన్. నువ్వు కాదన్నా ఇక్కడే ఉంటా."

"కాదంటానని ఎవరన్నారు?"

"ఇంకెంతసేపు?" బోదిల్ కుర్చీలోంచి కేకేసింది. "పాట మొదలైంది. ఇలా రండి, చేతులివ్వండి."

ఆవిడని లేపడానికనుకుని ఇద్దరూ చెరో చెయ్యి చాపారు. బోదిల్ తన వణికే చేతులతో వాళ్ళ చేతులు ఒకదాంట్లో ఒకటి పెట్టింది.

"నాకు కుర్చీ ఉంది. మీరు తిరగండి."

అందరితో కలిసి చెట్టు చుట్టూ తిరిగారు. పాటలయ్యాక జనమంతా చేతులు వదిలేసి కాఫీకి వెళ్ళారు. వీళ్ళిద్దరు మాత్రం వదల్లేదు.