సోడా ఎక్కువైన గాజు

"నాలుగింటికి విమానం. ఈలోపు మనిషి కావాలి, ప్రాణాలతో," అన్నాడు చీఫ్.

"ఎవరు సార్?"

"గాజు ఇంజనీరు. మిస్సైల్ ముక్కుకి పెట్టే హీట్ రెసిస్టెంట్ గాజు ఆయన కనిపెట్టిందే. మూడు వారాల క్రితం విదేశీ ముఠా ఎత్తుకుపోయింది. ఇంతవరకూ నోరు విప్పలేదు. నాలుగింటికి విమానమెక్కించి దేశం దాటిస్తారు. ఆయన మీ మామయ్యేనోయ్."

ఏజెంట్ ముంగిస కుర్చీలోంచి లేచాడు. చిన్నప్పుడు తనని భుజాలమీద ఊరేగించిన మామయ్య!

"ఆయన్ని దాచిన గాజు ఫ్యాక్టరీలో మన ఏజెంట్ నెమలి ఉంది. మీ చుట్టరికం మాత్రం ఆమెకి తెలీదు."

మధ్యాహ్నం రెండున్నరకి, కొలిమి ఇటుకలు పేర్చే మేస్త్రి వేషంలో, ముంగిస ఆ ఫ్యాక్టరీ వెనక తలుపు తట్టాడు. మెడలో ముత్యాలు, కాళ్లకి ఎత్తు మడమల చెప్పులతో అందానికి చిరునామా లాంటి మనిషి తలుపు తీసింది.

"ఇటుకలు తడిశాయా?" అంది.

"కాలితే ఆరతాయి."

కోడ్ కుదిరింది. నెమలి నవ్వి ఒక క్యాబిన్ చూపించింది. "లోపలికి వెళ్లండి. మీ మామయ్య కనిపెట్టుకుని ఉన్నారు."

గడప దాటాక గానీ బుర్ర వెలగలేదు. ఆయన తన మామయ్యని ఈమెకి చెప్పిందెవరు? వెనక ఇనుప తలుపు ధడేల్‌మంది.

గట్టిగా పది అడుగులు లేని గది. మూడు వైపులా ఇనుము, నాలుగోవైపు దళసరి గాజుగోడ. దాని అవతల కొలిమి. స్టూలు మీద గడ్డం మాసిన మామయ్య.

"ఏడ్చినట్టుంది! నిన్నెవడు రమ్మన్నాడ్రా?"

"మిమ్మల్ని విడిపించడానికొచ్చా మామయ్యా."

"కనబడుతూనే ఉంది."

గోడకున్న మైకులో నెమలి గొంతు వినబడింది. "ఇంజనీరుగారూ, మీకు ప్రాణం మీద తీపి లేదు, ఒప్పుకున్నాం. మేనల్లుడి మీద ఉంటుందిగా? మీ చుట్టాలెవరో మా ముఠా ఎప్పుడో ఆరా తీసింది. కొలిమి మూత తీస్తున్నాం. ఫార్ములా చెబితే తలుపు తీస్తాం."

గాజుగోడ నారింజ రంగుకి తిరిగింది. మూడుంబావుకి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. మూడున్నరకి పీల్చే గాలి గొంతులో మండింది. ఎటు జరిగినా గోడే. ముంగిస ప్రాణాలు ఉగ్గబట్టుకుని నేలమీద కూలబడ్డాడు. అతనికి నిజంగానే భయమేసింది.

మామయ్య కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "మా అక్కకి ఏ మొహం చూపించనురా?" అంటూ మైకు దగ్గరికి నడిచాడు. "చెప్తున్నా, రాసుకోండి. ఇసుక నూటికి ఎనభై పాళ్లు. బోరాన్ ఆక్సైడ్..."

ముంగిస పాక్కుంటూ వెళ్లి, లేచి ఆయన నోరు మూశాడు. "మామయ్యా," అన్నాడు చెవిలో, "ఈ గోడ మీ గాజేనా?"

ఆయనకి పౌరుషం పొడుచుకొచ్చింది. "నాదా? ఛీ! వీళ్ల కొలిమికి అంత వేడి ఎక్కడేడిచింది? ఇసుక కరగట్లేదని చాకలి సోడా దండిగా పోసుకున్నారు, బోరాన్ మానేశారు. తొందరగా కరిగిందని ఒకటే సంబరం! సోడా ఎక్కువైతే గాజు వేడికి నా గాజుకంటే మూడింతలు ఉబ్బుతుందిరా."

"మరి ఇంత వేడికీ పగల్లేదే?"

"మెల్లగా వేడెక్కిస్తే ఏ గాజైనా ఓర్చుకుంటుంది. వీళ్లు చేసిన టెస్టు అదొక్కటే. ఒకవైపు కాలుతుండగా రెండోవైపు ఠక్కున చల్లబడితే..."

ఇద్దరూ ఒక్కసారే తలుపు పక్కన వేలాడుతున్న ఎర్ర సిలిండర్ వైపు చూశారు. మంటలార్పే కార్బన్ డయాక్సైడ్!

"మొహం తిప్పుకోండి!" ముంగిస పిన్ను లాగి మీట నొక్కాడు. తెల్లటి మంచు గాజుని కప్పేసింది. ఒక క్షణం ఏమీ కాలేదు. రెండో క్షణమూ కాలేదు. మామయ్య కళ్లు మూసుకున్నాడు.

ఫట్! మూలనుంచి ఒక గీత. మరొకటి. గోడ మొత్తం జలజలా రాలిపోయింది.

తలమీద మామయ్య కోటు కప్పుకుని ఇద్దరూ కొలిమి పక్కనుంచి బయటికి దూకారు. పిస్తోలుతో పరిగెత్తుకొచ్చిన నెమలి మొహం మీదే మిగతా మంచంతా కురిసింది. ముంగిస ఆమె చేతులకి బేడీలు వేసి, ఇనుప గదిలో మూగబోయిన వాచీ రేడియో నొక్కాడు. మూడు యాభై ఎనిమిదికి మనవాళ్ల జీపులు ముఠా విమానానికి అడ్డం తిరిగాయి.

"శభాష్!" అన్నాడు చీఫ్ రేడియోలో. "ఇంతకీ మీ మామయ్య నోరు విప్పాడా?"

పక్కనే మామయ్య తల దించుకుని నిలబడ్డాడు.

"విప్పారు సార్," అన్నాడు ముంగిస. "నన్ను తిట్టడానికి."