చింతగింజల చప్పుడు

"గిది బాగు చేసుడా, పాడు చేసుడా?"

సింకు కింద తల దూర్చి పడుకున్న వేణుకు ముందు ఆ గొంతు వినిపించింది. తర్వాత పట్టీలు పెట్టుకున్న రెండు పాదాలు కనిపించాయి. మనిషి పూర్తిగా కనిపించాలంటే తల బయటికి తీయాలి. ఆ తొందరలో పైపుకు ఠంగున కొట్టుకున్నాడు.

"మెల్లగ! పైపు పగుల్తది," అంది ఆ పిల్ల.

తల సంగతి అడిగే నాథుడే లేడన్నమాట. వేణు నుదురు రుద్దుకుంటూ పైకి చూశాడు. చూశాక నొప్పి ఎక్కడుందో మరిచిపోయాడు.

ఆమె ప్రవళిక. వెటర్నరీ డిప్లొమా చదివి కోరుట్ల పాలకేంద్రంలో పనిచేస్తోంది. ఈ ఇంటి యజమాని రాజమల్లుకు ఒక్కగానొక్క బిడ్డ. రాజమల్లు మస్కట్‌లో హోటల్ కిచెన్‌లో ఏళ్లకేళ్లు చాకిరీ చేసి, ఇక చాలనుకుని తిరిగొచ్చేటప్పుడు మోజుపడి ఒక మిషన్ తెచ్చుకున్నాడు. సింకు కింద బిగిస్తే మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు లోపలే నూరేసి నీళ్లతోపాటు మురుగు మోరీలోకి పంపేస్తుంది. కోరుట్లలో ఇలాంటిది తన ఇంట్లో తప్ప ఇంకెక్కడా లేదని ఆయన ఛాతీ విరుచుకున్నాడు. ఆ ముచ్చట తీరకముందే మిషన్ కటకట, గరగర మొదలుపెట్టింది. స్విచ్ వేస్తే పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూస్తున్నారు. అందుకే జగిత్యాల నుంచి రిపేరు షాపు వేణును పిలిపించాడు.

వేణు కరెంటు తీసేసి, టార్చి వేసి, పటకారు లోపలికి దించాడు. ఒక్కొక్కటిగా బయటికి తీసి ఆమె ముందు పెట్టాడు.

"చింతగింజలు మేడం. గుప్పెడున్నయ్."

"మా ఇంట్ల గవి సింకుల ఎవరేస్తరు? జేబుల పెట్టుకొని నువ్వే తెచ్చినవా?"

"జగిత్యాల నుంచి చింతగింజలు మోసుకొస్తనా?"

"ఏమో! బేరం లేని దినం ఏమేం చేస్తరో ఎవరికెరుక?"

వెనక గడప మీద కూర్చుని చిక్కుడుకాయ ఒలుస్తున్న రాజమల్లు తల్లి మొగిలవ్వ అందుకుంది. "తిండిని తీస్కపోయి మోరీల పోసుడేంది బిడ్డా? పొట్టు, గంజి, పాసిపోయిన బువ్వ, అన్నీ నా బర్రెకు కుడితయ్యేటియి. కుడితి గోళెం సగం గూడ నిండుతలేదిప్పుడు. గీ గుర్రు మిషన్ ఎవనికి కావాలె?"

"అమ్మా, నువ్వూకో!" అన్నాడు రాజమల్లు. "జమాన మారింది."

"జమాన మారితే బర్రె ఉపాసముంటదారా?"

వేణు స్క్రూలు బిగించి స్విచ్ వేశాడు. మిషన్ బుద్ధిగా తిరిగింది. రాజమల్లు మొహం వెలిగిపోయింది. వేణు మొహం మాత్రం వాడిపోయింది, పని అంత తొందరగా అయిపోయినందుకు.

కానీ అదృష్టం అతని పక్షానే ఉంది. వారం తిరగకముందే రాజమల్లు ఫోన్. మళ్లీ గరగర. మళ్లీ చింతగింజలు. ఆ తర్వాత రేగ్గింజలు. ఆ తర్వాత ఇంకోసారి చింతగింజలు, ఈసారి రెండు గుప్పెళ్లు.

వేణుకు ఒక అనుమానం పుట్టింది. తియ్యటి అనుమానం. ఈ గింజలు వేస్తున్నది ప్రవళికే! తను రావాలనే వేస్తోంది. లేకపోతే తను వచ్చే వేళకే ఆమె డ్యూటీ అయిపోయి ఇంట్లో ఎట్లా ఉంటుంది? ఆ ఊహతో అతను జగిత్యాల నుంచి కోరుట్ల దాకా జోరువానలో ఈల వేసుకుంటూ వచ్చిన రోజు కూడా ఉంది. ఆ రోజు ఆమె టవల్ అందిస్తూ, "గొడుగు పట్టుకొని బండి తోలుడు రాదా?" అని నవ్వింది. వాన వెలిసినా ఆ నవ్వు వెలవలేదు. వేణు చొక్కా తడి ఆరిందో లేదో చూసుకోలేదు.

అట్లా సాగిపోతే ఎంత బాగుండేది! రాజమల్లుకే ఓపిక అయిపోయింది.

"ఇగో వేణు, ఆదివారం సిరిసిల్ల నుంచి సమ్మయ్య, రుద్రంగి నుంచి బుచ్చయ్య వస్తున్నరు. మస్కట్ల నాతోని ఒక్క రూముల ఉన్నోళ్ళు. గీ మిషన్ చూద్దామనే వస్తున్నరు. వాళ్ళ ముంగట గిది ఒర్రిందనుకో, పీకి పారేస్త. నువ్వు గూడ మళ్ళ నా గడప తొక్కకు."

"సరే సార్," అన్నాడు వేణు. మిషన్ పోతే పోయింది, ఆ గడపే పోతే ప్రవళిక ఎట్లా కనబడుతుంది? ఆమెతో మనసులో మాట ఇంకా చెప్పనే లేదు.

శనివారం పొద్దున్నే వచ్చేశాడు. రాజమల్లు భార్య శారదను వెంటబెట్టుకుని విందు సామాను కోసం బజారుకు వెళ్లాడు. పెరట్లో ప్రవళిక బర్రెకు గడ్డి వేస్తోంది. వేణు నేరుగా దగ్గరికి వెళ్లాడు.

"ఒక్క మాట చెప్పు. గింజలు నువ్వే ఏస్తున్నవ్ గద?"

"నేనా? ఎందుకేస్త?"

"నేను రావాల్నని."

ప్రవళిక చేతిలో గడ్డి చేతిలోనే ఉండిపోయింది. "ఓహో! నువ్వే సగం సగం చేసి పోతున్నవనుకున్న నేను. మళ్ళ రావాల్నని."

"నా పని మీద ఒట్టు, మొత్తం మంచిగ చేసి పోతున్న!"

అప్పుడే వంటింటి కిటికీలోంచి టక్, టక్ అని చప్పుడైంది. ఇద్దరూ మెల్లగా తొంగిచూశారు. మొగిలవ్వ సింకు ముందు నిలబడి, కొంగుముడి విప్పి ఒక్కో చింతగింజా మిషన్‌లోకి వదులుతోంది.

"తిను. నా బర్రె తిండి తింటున్నవ్ గద, గివి గూడ తిను," అని దాన్ని తిడుతోంది.

ఇద్దరూ నోళ్లు మూసుకుని గోడ పక్కకు పరుగెత్తి పడీ పడీ నవ్వారు. నవ్వి నవ్వి ఆగాక ఇద్దరికీ ఒకేసారి ఏదో వెలితి తోచింది.

"అంటే నువ్వు నా కోసం ఎయ్యలేదా?" అన్నాడు వేణు నీరుగారిపోయి.

"అంటే నువ్వు గూడ నా కోసం పాడు చెయ్యలేదా?" ఆమె గొంతులోనూ అదే దిగులు.

ఆ దిగులు చూశాక వేణుకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. "గింజల సంగతి ఇడిసిపెట్టు. నాకైతే ప్రతీసారి రావాల్ననే ఉండె. నిన్ను పెండ్లి చేసుకోవాల్నని ఉన్నది, ప్రవళికా."

ఆమె చెవులదాకా ఎర్రబడింది. "గిది అడిగే జాగనా? బర్రె ఇంటున్నది!"

"దానికి తెలిస్తే ఏమైతది? జవాబు చెప్పు."

"రేపు మిషన్ ఒర్రితే నువ్వు మా గడపే తొక్కవు. ఇగ జవాబు ఎవరికి చెప్పాలె?"

అదీ నిజమే. అవ్వ సంగతి రాజమల్లుకు చెబితే మిషన్ నోరు మూతపడుతుంది, కానీ కన్నతల్లికీ కొడుక్కీ గొడవ. చెప్పకపోతే రేపు మళ్లీ కొంగుముడి విప్పుతుంది.

"అవ్వ మీద చాడీలు చెప్పి నేను నీ ఇంటికి అల్లుణ్ణి కాను," అన్నాడు వేణు. "ఆమె తప్పేమున్నది? నోరు లేని బర్రె దిక్కు మాట్లాడుతున్నది."

ప్రవళిక అతనివైపు కొత్తగా చూసింది. ఆ చూపు ఇంకాసేపు ఉండేదే. ఇంతలో వేణు కళ్లు గోడలోంచి మోరీకి వెళ్లే పైపు మీద, ఆ పక్కనే సగం ఖాళీగా ఉన్న కుడితి గోళెం మీద పడ్డాయి.

"పైపు గిటు మలిపితే?" అన్నాడు నెమ్మదిగా. "మిషన్ నూరిందంతా గోళెంల పడ్తది గద!"

ప్రవళిక కళ్లు మెరిశాయి, వెంటనే నొసలు ముడిపడింది. "మరి గిన్నెలు తోమిన సబ్బు నీళ్ళు? బర్రె కడుపు పాడైతది. సింకుకు రెండు గుంతలున్నయ్. మిషన్ ఉన్న గుంత గోళెంకు, గిన్నెలు తోమే గుంత మోరీకి. మటన్ బొక్కలు, మసాలలు అందుల ఎయ్యొద్దని అమ్మకు నేను చెప్త."

"నువ్వు మెకానిక్‌వు కావల్సినదానివి!"

"పొగిడింది సాలు, పైపు కొయ్యి."

వేణు మిషన్‌లోని గింజలన్నీ తీసేశాడు. మొగిలవ్వ బర్రెను మేతకు తోలుకుపోగానే గోడకు ఇంకో కన్నం పెట్టి, పైపులు వేరు చేసి, రాజమల్లు వచ్చేసరికి అంతా తుడిచి, కొత్త పైపు మూతిని గడ్డిమోపు చాటున దాచాడు.

ఆదివారం ఇల్లంతా మటన్ కూర వాసన. వంటింట్లో జనం. సమ్మయ్య, బుచ్చయ్య చేతులు కట్టుకుని సింకు ముందు నిలబడ్డారు. రాజమల్లు సొరకాయ తొక్కలు, చల్దన్నం గుంతలో వేసి నీళ్లు వదిలాడు. మొగిలవ్వ చెయ్యి మెల్లగా కొంగుముడి మీదికి పోయింది.

వేణు వంగి ఆమె చెవిలో అన్నాడు, "అవ్వా, ఇప్పుడు గింజలేస్తే నీ బర్రె పండ్లకే తగుల్తయ్."

ముసలమ్మ ఉలిక్కిపడింది. "ఏమంటివిరా?"

"పైపు నీ గోళెంలకే పెట్టిన. పోయి చూడు."

ఆమె పెరట్లోకి పరుగులాంటి నడక నడిచింది. రాజమల్లు ఊపిరి బిగపట్టి స్విచ్ వేశాడు. కటకట లేదు, గరగర లేదు. కడుపునిండా తిన్న మనిషి కునుకు తీస్తున్నట్టు సన్నని చప్పుడు, అంతే.

పెరట్లోంచి కేక వినిపించింది.

"ఓరి రాజమల్లూ! నీ మిషన్ నా బర్రెకు కుడితి పోస్తున్నదిరా!"

అందరూ పెరట్లోకి ఉరికారు. పైపులోంచి చిక్కటి కుడితి గోళెంలోకి దూకుతోంది. బర్రె మూతి ముంచి సుర్రుమని జుర్రుకుంటోంది.

"మస్కట్ల గిసొంటి మిషన్లు ఎన్నో చూసినం," అన్నాడు సమ్మయ్య నోరు తెరిచి, "బర్రెను మేపేది మాత్రం చూడలే!"

"మరేమనుకున్నవ్? నేనే గట్ల పెట్టియ్యమన్న," అన్నాడు రాజమల్లు, ఏమాత్రం తడుముకోకుండా. మొగిలవ్వ కొడుకు వీపు నిమిరింది. వాళ్లిద్దరూ అట్లా నవ్వుకుని ఎన్నాళ్లయిందో! రాజమల్లు ఇంకో గిన్నెడు తొక్కలు వేద్దామని వంటింటి వైపు కదిలేసరికే గోళెం అంచుదాకా నిండింది. ఆ సంబరంలో వేణు గొంతెత్తి అరిచాడు.

"సాలు, బంద్ చెయ్యి మామా!"

సమ్మయ్య, బుచ్చయ్య మొహమొహాలు చూసుకున్నారు. సార్ అనే పిలుపు ఎటు పోయిందో వేణుకే తెలియదు. రాజమల్లు వెనక్కి తిరిగాడు.

"ఏమన్నవ్? ఎవర్నడిగి మామ అంటున్నవ్?"

గుమ్మంలోంచి జవాబు వచ్చింది.

"నన్నడిగిండు బాపు," అంది ప్రవళిక. "నేను సరే అన్న."

ఆ సరే వేణు వినడం కూడా అదే మొదటిసారి. రెండు చేతులూ జోడించి రాజమల్లు ముందుకు నడిచాడు.

"మామా, నీ బిడ్డనియ్యి. కండ్లల్ల పెట్టుకొని చూసుకుంట."

రాజమల్లు కూతురి వైపు చూశాడు. ఆమె తల దించుకోలేదు. తల్లి వైపు చూశాడు.

"నా దిక్కు చూస్తవేందిరా?" అంది మొగిలవ్వ. "మన ఇంట్ల తల్లిని, కొడుకును కలిపిండు పోరడు. ఇంకెట్లాంటోడు కావాలె నీకు?"

రాజమల్లు మీసం కింద నవ్వు దాచుకోవాలని చూశాడు గానీ దాగలేదు. వేణు భుజం మీద చెయ్యి వేసి, వంటింట్లోకి భార్యను కేకేశాడు.

"శారదా! అల్లునికి అన్నం పెట్టు!"