ఎత్తని పూజ

మిల్లు కూతను మేము సంగు అంటాము. పీళమేట్లో మా వీధికి గడియారం అదే. సంగు ఊదితే పొయ్యి వెలిగించాలి, సంగు ఊదితే సాపాటు కట్టాలి. ఏడాదికి ఒక్కనాడు మాత్రం అది నోరు మెదపదు. ఆయుధపూజనాడు. ఆనాడు మిల్లులో మిషనుకైనా, ఇంట్లో కత్తిపీటకైనా గంధం, కుంకుమ పెడతాము. బొరుగులు, బెల్లం నైవేద్యం పెట్టి అలాగే వదిలేస్తాము. మరునాడు పొద్దున కర్పూరం వెలిగించి పూజ ఎత్తాలి. ఎత్తడమంటే, ఎవరి పనిముట్టు వాళ్ళు చేతబట్టి ఒక్కసారైనా పని చెయ్యాలి. అంతవరకు దాన్ని ఎవరూ తాకకూడదు. ఎందుకని మేమెవరమూ అడగలేదు.

డెబ్బై రెండో సంవత్సరం నేను పూజ పెట్టాను. ఎత్తలేదు.

నా కొడుకు తిరుమలైకి అప్పుడు ఇరవై ఏడేళ్ళు. వాళ్ళ నాయన పోయినాక మేమిద్దరమే. మిల్లులో మోటార్లకు రాగితీగ చుట్టే పని వాడిది. చేతుల్లో పనితనం ఉంది. ఆ పనితనమే వాణ్ణి తినింది.

కున్నూరు కొండమీద టీ తోటల దొరల క్లబ్బు ఒకటి మూతపడితే, అక్కడినుంచి పాత పిన్‌బాల్ మిషను ఒకటి తెచ్చాడు. ఏటవాలు బల్ల, పైన అద్దం, లోపల ఉక్కు గుండు. పక్కనున్న మీటలు నొక్కితే లోపల రెండు చిన్న రెక్కలు లేచి గుండును ఎగరగొడతాయి. గంటలు మోగుతాయి, దీపాలు వెలుగుతాయి. ఆరు నెలలు కూర్చొని దాన్ని బతికించాడు. వీధంతా వచ్చి చూసి పోయింది. తర్వాత ఊటీనుంచి ఒకటి, ఏర్కాడునుంచి ఒకటి. నాలుగోది మళ్ళీ కున్నూరుదే. దాన్ని ఎవరో సగం బాగుచేసి, సగంలో వదిలేసి ఉన్నారు.

మొదటిదాన్ని చేసేటప్పుడు వాడు పాడుకుంటూ చేశాడు. నాలుగోదాని దగ్గర పాట ఆగిపోయింది. షిఫ్టు ముగిస్తే నేరుగా పెరటి కొట్టంలోకి, ఆ మిషను దగ్గరికి పోవడం. అన్నం చల్లారిపోవడం. ఒకనాడు చూస్తే, దాని ముందు నేలమీద కూర్చొని, ఒక మర చేతిలో పట్టుకొని ఏడుస్తున్నాడు.

"చెయ్యలేకుండాను అమ్మా," అన్నాడు. "వదలలేకుండాను."

ఆర్.ఎస్. పురం డాక్టరు దగ్గరికి పిలుచుకొని పోయాను. నాడి చూశాడు, వణుకుతున్న చేతులు చూశాడు.

"రోగమేమీ లేదమ్మా. మనసు అరిగిపోయింది. మూడు వారాలు పనిముట్టు తాకనీయవద్దు. ఇట్లే చేసుకుంటూ పోతే ఈ చేతులు ఇంక తీగ చుట్టడానికి పనికిరావు."

మిల్లులో సెలవు పెట్టించాను. తాకనని వాడు నా తలమీద చెయ్యి పెట్టి చెప్పాడు. నేను నమ్మలేదు. పని పిచ్చీ తాగుడులాంటిదే. కల్లు మానేస్తానన్నవాణ్ణి ఎవరు నమ్ముతారు?

సరిగ్గా అప్పుడే ఆయుధపూజ వచ్చింది.

వాడి పనిముట్లన్నీ కడిగి, ఆ నాలుగో మిషను ముందు వరసగా పెట్టాను. గంధం, కుంకుమ పెట్టాను. వాడు పక్కనే కుర్చీలో కూర్చొని అలాగే నిద్రపోయాడు. చేతులు ఒళ్ళో పడి ఉన్నాయి. నిద్రలో కూడా వణుకుతున్నాయి. ఇవీ పనిముట్లే కదా అనుకున్నాను. రెండు చేతులమీదా గంధం రాసి, కుంకుమ పెట్టాను.

"వీటికీ విశ్రాంతి ఇయ్యి తల్లీ," అని మొక్కాను.

వణుకు ఆగిపోయింది.

మరునాడు పూజ ఎత్తలేదు. ఎత్తితే పనిముట్టు వాడి చేతికి ఇవ్వాలి. ఇస్తే మళ్ళీ మొదలు. మూడు వారాలు అలాగే ఉండనీ అనుకొని కొట్టానికి దిండిగల్ తాళం వేశాను. దానికి మారు తాళంచెవి దొరకదు. ఉన్న ఒక్క చెవినీ నడుముకు కట్టుకున్నాను.

రెండు రోజులు వాడు బిడ్డలా నిద్రపోయాడు.

మూడోనాడు మధ్యాహ్నం బియ్యం ఏరుతుంటే కొట్టంలో ఆకురాయి రాపిడి వినిపించింది. పోయి చూశాను. తాళం వేసినట్టే ఉంది. ఇంట్లోకి వచ్చి చూస్తే వాడు మంచంమీద ఉన్నాడు. గోళ్ళ సందుల్లో నల్లటి గ్రీసు.

"కొట్టంలోకి పోతివా?"

"లేదమ్మా."

"మరి ఈ మసి ఏమిటి?"

వాడు గోళ్ళు చూసుకున్నాడు. నా మొహం చూశాడు. "తెలీదమ్మా."

ఎంత బాగా అబద్ధమాడుతున్నాడు అనుకున్నాను. ఎక్కడో మారు చెవి చేయించుకున్నాడు. వాడికి చేతకాని పని ఏముంది?

ఆ సాయంత్రం కొట్టం గడప నిండా ముగ్గుపిండి జల్లెడతో చల్లాను. మరునాడు మళ్ళీ రాపిడి వినిపించింది. పోయి చూస్తే పిండిమీద చీమల బారు తప్ప అడుగు గుర్తు ఒక్కటీ లేదు. దూకి పోయి ఉంటాడు అనుకున్నాను. కొడుకును అనుమానించడం మొదలుపెడితే దానికి దారులు అవే దొరుకుతాయి.

ఐదోనాడు వాడి చేతిలోనుంచి కాఫీ లోటా జారిపోయింది. మళ్ళీ ఇస్తే మళ్ళీ జారింది. చేతులు పట్టి చూశాను. బావి గట్టులా చల్లగా ఉన్నాయి.

"మొద్దుబారి ఉండాయమ్మా. నావి కానట్టు ఉండాయి."

దొంగతనంగా పనిచేసి అలిసిపోయాడని మనసులో తిట్టుకుంటూ అన్నం కలిపి పెట్టాను. పక్కింటి వీరమ్మాళ్ అత్త పిట్టగోడమీదనుంచి చూసి నవ్వింది. నలభై ఏళ్ళు మిల్లులో నూలు చుట్టిన మనిషి, నోటికి అడ్డులేదు.

"ఏమే అమ్మణీ, మీసాలొచ్చినవాడికి గోరుముద్దలా? ఒక పిల్లను కట్టిపెట్టి ఉంటే ఈ పెట్టెల్ని కట్టుకొనేవాడా?"

"నువ్వే చూడు అత్తా ఒక పిల్లను," అన్నాను. వాడు కూడా నవ్వాడు. వాడు నవ్వి చాలా రోజులైంది.

ఏడోనాడు మధ్యాహ్నం వాన పట్టింది. కరెంటు లేదు. వాడు మంచంమీద వెల్లకిలా నిద్రపోతున్నాడు. ఈ పొద్దు పట్టుకోవాల్సిందే అని మంచం పక్కనే పీట వేసుకొని కూర్చున్నాను. కదిలితే కాలు పట్టుకుంటాను.

వాన చప్పుడు... చూరునుంచి నీళ్ళు... వాడి ఊపిరి.

కొట్టంలో ఆకురాయి మొదలైంది.

నేను కదల్లేదు. వాడు కదల్లేదు.

రాపిడి ఆగింది. సుత్తి, చిన్నగా, టక్... టక్. మళ్ళీ ఆగింది. ఇత్తడి మర తిరుగుతున్న కిర్రుమనే చప్పుడు.

వాడి చేతులు గుండెలమీద ఉన్నాయి. తెల్లగా పాలిపోయి ఉన్నాయి. వేలి కొస కూడా ఆడటం లేదు. నేను చూస్తూ ఉండగానే ఆ గోళ్ళ సందుల్లో నలుపు ఊరింది. లోపలినుంచి, నూనె దీపం వత్తిలోకి నూనె ఎక్కినట్టు.

తర్వాత కొట్టం వైపునుంచి ఈయం కరిగిన వాసన వచ్చింది. తీగలు అతికేటప్పుడు వచ్చే వాసన.

వాడి కుడి బొటనవేలిమీద చర్మం ఎర్రబడింది... ఉబ్బింది... నీళ్ళ పొక్కు లేచింది.

వాడు నిద్రలేవలేదు. మొహం చిట్లించను కూడా లేదు.

నేను లేచి వానలో పరుగెత్తాను.

వీరమ్మాళ్ అత్త నా మాట పూర్తిగా విన్నది. నవ్వలేదు.

"పూజ ఎప్పుడు ఎత్తితివి?"

"ఎత్తలేదు అత్తా."

"ఏమేమి పెట్టితివి పూజలో?"

"వాడి పనిముట్లు. ఆ మిషను."

"ఇంగ?"

వాడివీ అన్నట్టు నా చేతులు చూపించాను.

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత గుసగుసగా అంది.

"పూజలో పెట్టింది మనది కాదే పిచ్చిదానా. ఎత్తేదాకా మనది కాదు. వారం రోజులు నీ బిడ్డ చేతుల్ని దిక్కులేకుండా వదిలి ఉండావు. పని సగంలో ఆగినవాడు ఎవడో తీసుకొని వాడుకుంటుండాడు. లే. వాణ్ణి లేపు."

లేపి, చెరొక రెక్కా పట్టుకొని కొట్టం దగ్గరికి తెచ్చాము. తాళం నేనే తీశాను.

మిషను పూర్తయి ఉంది.

ప్రతి మర మెరుస్తూ ఉంది. కొత్త తీగలు వరసగా కట్టి ఉన్నాయి. అద్దం తుడిచి ఉంది. నేను పెట్టిన గంధం, కుంకుమ మాత్రం చెరగలేదు. పనిముట్లు ఒక్కటీ జరగలేదు. కుర్చీ మిషను వైపు తిరిగి ఉంది.

"ఇది... నా పని కాదు," అన్నాడు తిరుమలై. "నాకు ఇంత బాగా రాదమ్మా."

"మాట్లాడవద్దు," అంది అత్త.

కర్పూరం వెలిగించాను. మూడు అగ్గిపుల్లలు అయ్యాయి. పూజలో ఉన్నవన్నీ ఎత్తుకొంటున్నామని మా వాళ్ళు చెప్పే మాటే చెప్పాను. స్క్రూడ్రైవరును వాడి చేతిలో పెట్టి, పడిపోకుండా నా చేత్తో మూసి పట్టుకొని, ఒక్క మరను ఒక్క చుట్టు తిప్పించాము.

నా పిడికిట్లో వాడి చెయ్యి వెచ్చబడింది.

వేళ్ళు ఒక్కొక్కటే వచ్చాయి. రక్తం రావడం కంటికి కనిపించింది. పొక్కు మంట ఇప్పుడు తెలిసి వాడు "అబ్బా" అన్నాడు. ఆ అరుపు విని నేను ఏడ్చాను.

గురువారం కున్నూరుకు పోయే టీ లారీలో ఆ మిషను ఎక్కించేశాము. మిగిలిన మూడూ ఎవరు అడిగితే వాళ్ళకు ఇచ్చేస్తానని వాడే అన్నాడు. అనేటప్పుడు గొంతులో బరువు లేదు. శుక్రవారం రెండుసార్లు అన్నం పెట్టించుకొని, తన చేత్తోనే కలుపుకొని తిన్నాడు. చేతులు వణకలేదు. గోళ్ళు తెల్లగా ఉన్నాయి. గంటకొకసారి చూస్తున్నాను కాబట్టి తెలుసు.

శనివారం వాన వెలిసి ఎండ బాగా కాసింది. తలకు నూనె పెడతాను రమ్మన్నాను. పెరట్లో పీటమీద కూర్చున్నాడు. నువ్వుల నూనె కాచి నడినెత్తిన పోసి రుద్దాను. కళ్ళలోకి దిగుతుందని గట్టిగా మూసుకున్నాడు. చేతులు రెండూ మోకాళ్ళమీద పెట్టుకున్నాడు.

"సుఖంగా ఉంది అమ్మా," అన్నాడు. "ఇట్లే నిద్రపోతానేమో."

"నిద్రపో. ఎవరు వద్దన్నారు?"

శీకాయ పొడి కలుపుదామని తొట్టి దగ్గరికి పోయాను. వాడికి పది అడుగుల దూరం ఉంటుంది. వంగి కలుపుతున్నాను. నా రెండు చేతులూ మణికట్టుదాకా గిన్నెలో ఉన్నాయి.

"చాలమ్మా," అన్నాడు వెనకనుంచి. "గట్టిగా రుద్దుతుండావు. ఇంగ చెయ్యి తీయి."

తిరిగి చూశాను.

వాడొక్కడే ఉన్నాడు. చేతులు మోకాళ్ళమీదే ఉన్నాయి. కళ్ళు మూసే ఉన్నాయి.

నూనె జుట్టు మాత్రం పాయలు పాయలుగా విడిపోతూ ఉంది... నుదుటినుంచి వెనక్కి... మెల్లగా... ఆ మిషను తీగలు వరసపెట్టిన పనితనంతోనే ఎవరో దువ్వుతున్నట్టు.

"తీస్తుండాను కన్నా," అన్నాను. "నువ్వు కళ్ళు తెరవవద్దు."