గొంతు ఆగితే బండి ఆగాలి

నీగాత ఊరి చివర, కంపెనీ బళ్ళు నడిపేవాళ్ళకి శిక్షణ ఇచ్చే మైదానంలో మధ్యాహ్నం రెండింటికే మసకబారింది. మంచు పడుతోంది. లారీలో కూర్చున్న మునకాతా తెల్ల గ్లవుజు తొడిగిన వేలు చాపి, చూసిన ప్రతి దిక్కునీ పైకి చెబుతున్నాడు.

"కుడి, బాగుంది. ఎడమ, బాగుంది. ముందు, బాగుంది."

"వేలు ఒక్కటే తిరిగితే చాలదయ్యా, కళ్ళూ తిరగాలి. ఈగల్ని తోలుతున్నావా?" అన్నాడు పక్క సీట్లోని హతానో మాస్టారు.

మునకాతా నవ్వేశాడు. ఇరవై రెండేళ్ళుగా పార్సిల్ లారీ నడిపినవాడు. ఇవాళ్టి పరీక్ష గట్టెక్కితే స్టీరింగు మళ్ళీ చేతికొస్తుంది. లేదంటే గోడౌన్‌లో పెట్టెలు మోసుకుంటూ బతకాల్సిందే.

ఇక్కడికి రావాల్సివచ్చింది ఇవాసే వల్ల. నవంబరులో డిపోలో మునకాతా బండి వెనక్కి తీస్తుంటే, ఆ ముసలి డ్రైవరు చక్రాల కింద పడి చచ్చిపోయాడు. వెనక నిలబడి "ఓరాయ్... ఓరాయ్..." అని అరుస్తూ దారి చెప్పే పని ఆ రోజు అతనిది. ఆ అరుపు వినిపిస్తున్నంతసేపూ బండి రావచ్చు. గొంతు ఆగిందా, ఆ క్షణమే ఆపెయ్యాలి.

ఆ రోజు గొంతు ఆగింది. మునకాతా విన్నాడు కూడా. కానీ ఒళ్ళోంచి జారిపోయిన ఫోను కోసం వంగి ఉన్నాడు. ఇంకొక్క క్షణం, అందుకున్నాక ఆపుదాంలే అనుకున్నాడు.

విచారణలో మాత్రం ఇలా రాసిచ్చాడు: "చివరిదాకా గొంతు వినిపిస్తూనే ఉంది." ఇంకేం, అరుస్తూ అరుస్తూ తనే బండి కిందకి నడిచొచ్చాడని తప్పంతా చచ్చినవాడి నెత్తిన పడింది; మునకాతాకి ఈ శిక్షణా, పరీక్షా మాత్రమే మిగిలాయి. ఇవాసే భార్య మిఠాయి డబ్బా పట్టుకుని మునకాతా ఇంటికొచ్చింది. "మావారి వల్ల మీకు చాలా ఇబ్బంది కలిగింది, క్షమించండి," అని నడుం వంచి, చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఈ సిగ్గులేనివాడు ఆ డబ్బా అందుకున్నాడు. ఆ సాయంత్రమే టీతో తిన్నాడు.

"ఇక రివర్సు," అంటూ హతానో దిగాడు. "నేను వెనక నిలబడతాను. గొంతు ఆగితే?"

"బండి ఆగాలి, మాస్టారూ."

అద్దాల నిండా మంచే. మునకాతా గేరు మార్చాడు.

"ఓరాయ్... ఓరాయ్..."

బండి మెల్లగా కదిలింది. కాబిన్‌లో ఎక్కడినుంచో చవక సిగరెట్టు వాసన. హతానో సిగరెట్టు తాగడు.

"ఓరాయ్... ఓరాయ్..." ఆ వెంటనే ఒక దగ్గు.

రెండు అరుపులకి ఒక దగ్గు. సిగరెట్టు వదలని ఇవాసేకి అది అలవాటు... మాస్టారికి జలుబు చేసిందేమో. అంతే అయ్యుంటుంది. గొంతు వినిపిస్తుండగా బండి ఆపితే, ఎందుకాపావని అడుగుతారు. ఏం చెప్పాలి?

"ఓరాయ్..."

ఇప్పుడది దగ్గరగా ఉంది. చాలా దగ్గరగా... చెవి పక్కనే.

అద్దం మీద మంచు ఒకచోట జారింది. అందులో హతానో. రెండు చేతులూ తలమీద అడ్డంగా పెట్టి, నోరంతా తెరిచి అరుస్తున్నాడు. ఆ నోటినుంచి మాత్రం ఏమీ వినిపించడం లేదు.

మునకాతా బ్రేకు తొక్కాడు.

ఆయనకి జానెడు దూరంలో బండి ఆగింది. హతానో పరుగున వచ్చి తలుపు లాగాడు.

"ఏడుసార్లు అరిచాను, ఆపు ఆపు అని! చెవుల్లో సీసం పోసుకున్నావా?"

"మీరే... మీరే ఓరాయ్ అంటున్నారు కదా... చివరిదాకా గొంతు వినిపిస్తూనే ఉంది!"

విచారణ కాగితాలు హతానో చదివే వచ్చాడు.

"నవంబరులోనూ ఇదే మాట రాశావు," అన్నాడు నెమ్మదిగా.

"ఒట్టు, మాస్టారూ. ఈసారి నిజమే!"

"ఈసారా?"

తనేమన్నాడో మునకాతాకి అప్పుడు తెలిసింది.

"ఇంజను ఆపి, తాళంచెవి తీసుకుని ఆఫీసుకి రా," అన్నాడు హతానో. "ఇవాసే గారి భార్యని పిలిపిస్తాను. ఆమె ముందు నువ్వే చెబుదువుగాని." ఇంకో మాట లేకుండా మంచులోకి నడిచిపోయాడు.

మునకాతా ఇంజను ఆపాడు. తాళంచెవి తీసుకుని, బండి వెనకనుంచి ఆఫీసు వైపు నడిచాడు. భయంలో నోరు జారిందంటే సరిపోతుంది, అనుకున్నాడు. ఎవడు నిరూపిస్తాడు? చచ్చినవాడు వచ్చి చెబుతాడా?

వెనకనుంచి దగ్గు వినిపించింది.

"ఓరాయ్... ఓరాయ్..."

కాళ్ళు కదల్లేదు. మెడ మీద డీజిల్ పొగ వేడి తగిలింది. హతానోని పిలుద్దామని నోరు తెరిచాడు. గొంతు పెగల్లేదు.

"ఓరాయ్... ఓరా..."

ఆ గొంతు ఆగిపోయింది.

మంచులో చక్రాల కరకర మాత్రం ఆగలేదు.

తాళంచెవి ఇంకా మునకాతా గుప్పిట్లోనే ఉంది.