మేస్త్రి పడుకున్నాడు

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దుకున్నది మా మనవడికి మీసాలు వచ్చాక. నా రాతలో ఒత్తులు ఎగిరిపోతుంటాయి, అవసరం లేని చోట దీర్ఘాలు దిగబడుతుంటాయి. రాయడమూ నత్తనడకే, ఒక పేజీ అయ్యేలోపు టీ చల్లారిపోతుంది. తప్పులుంటే మన్నించండి, కథని మాత్రం మధ్యలో వదిలెయ్యకండి. ఇది మా ఇంటి కథ. చెప్పుకుంటుంటే నాకు గర్వంగా ఉంటుంది.

మా ఆయన పోయిన దగ్గర్నుంచీ కొడుకు ఇంట్లోనే ఉంటున్నాను. కొడుకు బస్సు డిపోలో ఏ బస్సు ఎప్పుడు కదలాలో చూసే ఉద్యోగం. కోడలు ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. మనవడికి కళ్లజోళ్ల షాపు ఉంది. నేను చదువుకుంటానంటే నవ్వకుండా ముందు నా కళ్లు పరీక్ష చేసి అద్దాలు చేసిపెట్టాడు. ఆ అద్దాలు పెట్టుకునే స్విమ్మింగ్ పూల్ పక్క హాల్లో పెద్దవాళ్లకి చెప్పే క్లాసులో చేరాను.

ఇక మేస్త్రి. మేస్త్రి అంటే మా కుక్క. షాపుకి వచ్చే ఒకాయన కొండ మీద గొర్రెలు పెంచేవాడు. మంద అమ్మేసి, కుక్కని ఎవరికైనా ఇచ్చేస్తానంటే మనవడు జాలిపడి తెచ్చాడు. వచ్చిన రోజు నుంచీ వాడికి కాలు నిలవదు. వంటింట్లోకి వెళ్తాడు, వస్తాడు. నా గదిలోకి తొంగిచూస్తాడు. మేడ మెట్లెక్కుతాడు, దిగుతాడు. మళ్లీ వంటిల్లు. పనివాళ్ల వెనకాల తిరిగే మేస్త్రిలా ఉన్నాడని ఆ పేరు నేనే పెట్టాను.

ఒక సాయంత్రం క్లాసు అయి మెట్లు దిగుతున్నాను. మనవడు మేస్త్రిని తాడుతో పట్టుకుని గేటు దగ్గర నా కోసం చూస్తున్నాడు. అప్పుడే పూల్‌లోంచి పిల్లలు బిలబిలమంటూ బయటికి వచ్చారు. తడి జుట్లు, భుజాల మీద తువ్వాళ్లు. వాళ్ల వెనకాల ఈత నేర్పే అమ్మాయి, మెడలో విజిల్.

రోడ్డు కనపడగానే పిల్లలు తలో దిక్కూ పట్టారు. మేస్త్రి తాడు విదిలించుకుని దూసుకుపోయాడు. మొరగలేదు, కరవలేదు. నేలకి బాగా వంగి పిల్లల చుట్టూ పెద్ద రౌండు కొట్టాడు. రోడ్డు వైపు పోతున్న వాణ్ణి భుజంతో ఇటు తోశాడు. చెప్పు కోసం వెనక్కి పరిగెత్తిన పిల్లకి అడ్డం నిలబడ్డాడు. చూస్తుండగానే పిల్లలంతా గేటు పక్కన ఒకే ముద్ద అయిపోయి కిలకిలా నవ్వుతున్నారు.

అమ్మాయి మాత్రం నవ్వలేదు.

“ఈ కుక్క ఎవరిదండీ?”

మనవడు స్కూల్లో హాజరు పలికినట్టు చెయ్యి ఎత్తాడు.

“కుక్కని పిల్లల మీదకి వదిలేస్తారా?”

“సారీ అండీ. ఇంతమందీ మీ పిల్లలేనా?”

పిల్లలు గొల్లుమన్నారు. అమ్మాయి ముక్కు ఎర్రబడింది.

“జోకులా?”

“కాదండీ, కంగారు. కంగారులో నా నోరు నా మాట వినదు.”

“కుక్కా వినదు, నోరూ వినదు. ఇంతకీ ఏం చేస్తుంటారు మీరు?”

“కళ్లజోళ్ల షాపండీ.”

“మరి కళ్లముందు తాడు జారిపోతుంటే కనపడలేదా?”

ఆ అమ్మాయి వేలు గాల్లో ఆడిస్తూ గబగబా తలలు లెక్కపెట్టుకుంది. అందరూ ఉన్నారు. అప్పుడు మేస్త్రి వైపు చూసింది. పెదవి చివర చిన్న నవ్వు వచ్చి, మాకు కనపడకూడదని వెనక్కి పోయింది.

“రోజూ విజిల్ ఊది ఊది నా బుగ్గలు వాస్తున్నాయి. వీడు ఊదకుండానే చేశాడు,” అంది.

దారి పొడుగునా మేస్త్రి వెనక్కి తిరిగి చూస్తూనే నడిచాడు. మనవడూ అంతే.

అప్పటి నుంచి మనవడు నన్ను తీసుకెళ్లడానికి క్లాసు సగంలో ఉండగానే వచ్చి గేటు దగ్గర నిలబడేవాడు. కిటికీలోంచి నాకు కనపడేది. ఆ అమ్మాయి ఏదో అనేది, వీడు తల గోక్కునేవాడు, మధ్యలో మేస్త్రి పిల్లల్ని పోగేసేవాడు. ఒకసారి నీళ్లలో పెట్టుకునే కళ్లద్దాలు బిగుతుగా ఉన్నాయని ఆ అమ్మాయి షాపుకి వెళ్లిందట. తర్వాత వదులైపోయాయని మళ్లీ వెళ్లిందట. నాకు తెలిసి ఆ కళ్లద్దాలకి ఏ జబ్బూ లేదు.

బయట ఇంత బుద్ధిమంతుడైన మేస్త్రి ఇంట్లో మాత్రం మా ప్రాణం తీసేవాడు. సాయంత్రం కొడుకు గది తలుపేసుకుని టీవీ పెట్టుకుంటాడు. కోడలు వంటింట్లో ఫోను చూస్తూ తింటుంది. మనవడు మేడ మీద. నేను నా గదిలో నా పుస్తకంతో. ఎవరి కంచం వాళ్ల దగ్గరే. మేస్త్రికి ఆ వేళలోనే పూనకం వచ్చేది. తలుపులు గోకుతాడు, ఏడుస్తాడు, మొరుగుతాడు. కట్టేస్తే ఇంకా ఎక్కువ. తిండి పెంచాం, తిని మళ్లీ తిరిగాడు. మనవడు బంతి విసిరి విసిరి భుజం పట్టేసి మందు రాసుకున్నాడు. కొడుకు గదిలోంచే “ఊరుకో!” అని అరిస్తే వీడు రెట్టింపు మొరిగేవాడు.

ఒకరోజు కోడలు వేడి పాలగిన్నె పట్టుకుని వస్తుంటే మేస్త్రి ఆవిడ మడమ మీద ముక్కుతో పొడిచి, మెల్లిగా పన్ను ఆనించి హాల్లోకి తోశాడు. గిన్నె జారింది. అదృష్టం కొద్దీ పాలు నేల మీద పడ్డాయి.

కొడుకు గదిలోంచి బయటికి వచ్చాడు. “ఇక చాలు. ఊరి బయట పండ్లతోట ఉన్నాయనకి చెప్పేశాను. ఆదివారం పొద్దున వచ్చి వీణ్ణి తీసుకుపోతాడు.”

“నాన్నా, వాడు కావాలని చెయ్యలేదు.”

“పాలు మీ అమ్మ కాళ్ల మీద పడుంటే? అప్పుడూ ఇదే చెప్తావా?”

మనవడు తల దించుకున్నాడు. తండ్రి మాటలో తప్పు లేదు. ఆ రాత్రి వాడు అన్నం ముట్టలేదు.

మర్నాడు క్లాసు అవ్వగానే నేనే పూల్ దగ్గరికి వెళ్లి ఇంట్లో మేస్త్రి గోలా, కొడుకు అరుపులూ అన్నీ చెప్పాను.

“నేను కుక్కల డాక్టర్ని కాదు మామ్మగారూ,” అంది అమ్మాయి.

“నీళ్లంటే కెవ్వుమనే పిల్లల్ని నీళ్లలోకి దింపుతావు కదా తల్లీ. ఒక్కసారి వచ్చి చూసిపో. ఆదివారం పంపించేస్తారట.”

ఆ మాటకి ఆ పిల్ల మొహం మారింది. శనివారం సాయంత్రం వచ్చింది. మనవడికి నేను చెప్పలేదు. సగం గడ్డం గీసుకుని, నురగతో, చిరుగుల బనీనుతో మేడ దిగి ఆ అమ్మాయిని చూసి అదే వేగంతో వెనక్కి ఎక్కేశాడు.

“మీ ఇంట్లో మెట్లెక్కి దిగే జబ్బు కుక్కకొక్కదానికే లేదు మామ్మగారూ,” అంది.

హాల్లో నేల మీద కూర్చుంది. మేస్త్రిని పిలవలేదు, ముట్టుకోలేదు, వాడి వైపు సూటిగా చూడను కూడా లేదు. వాడు వంటింటికి వెళ్లాడు, వచ్చాడు. నా దగ్గరికి వచ్చాడు. కొడుకు తలుపు గోకాడు. మేడెక్కాడు, దిగాడు. ఆ పిల్ల కళ్లు వాడితో పాటే తిరిగాయి. కాసేపటికి నవ్వేసింది.

“వీడికి పిచ్చి కాదు మామ్మగారూ. తలలు లెక్కపెడుతున్నాడు.”

“తలలా?”

“నేను రోజంతా చేసేది అదే. పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ నా కళ్లు ఆగవు. ఒక్క తల కనపడకపోతే గుండె ఆగినంత పనవుతుంది. వీడు మంద కాసినవాడు కదా. మీరందరూ తలో గదిలో తలుపులేసుకుంటే లెక్క ఎలా తేలుతుంది? అంకుల్ అరిస్తే, ఆయనా తనతో పాటు మిగతావాళ్లని కేకేస్తున్నారు కాబోలు అనుకుంటాడు.”

గొర్రెల కుక్క అని తెలిసీ మాలో ఒక్కరికీ ఆ ఊహ రాలేదు, మమ్మల్ని మేం గొర్రెలమని అనుకోలేదు కాబట్టి.

“అందరూ ఒక్కసారి హాల్లోకి రండి,” అని పిలిచింది. కోడలు చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. కొడుకు గొణుక్కుంటూ వచ్చాడు. మేస్త్రి ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి వాసన చూశాడు. మళ్లీ మెట్ల వైపు చూసి కుంయ్ అన్నాడు.

“ఒక తల తక్కువ. కళ్లజోళ్ల గారూ, గడ్డం అయిందా?”

మనవడు ఇస్త్రీ చొక్కాలో దిగాడు. చెవి కింద ఇంకా నురగ. మేస్త్రి వాణ్ణి వాసన చూశాడు. అందరి మధ్యకీ వచ్చి, ఒక పెద్ద నిట్టూర్పు వదిలి, కాళ్లు చాపి పడుకున్నాడు. సాయంత్రం పూట వాడు అలా పడుకోవడం మేం చూడటం అదే మొదలు.

కొడుకు గొంతు తగ్గించి అడిగాడు. “అయితే మేం ఇక ఇక్కడే కూర్చోవాలా అమ్మాయ్?”

“అక్కర్లేదు అంకుల్. నాలుగు వైపులా కనపడేలా గదుల మధ్య నడవలో వాడికో పరుపు వెయ్యండి. తలుపులు ఓరగా తెరిచి ఉంచండి. కుదురుగా కూర్చున్నప్పుడు మెల్లిగా మెచ్చుకోండి, అరవొద్దు. పొద్దునా సాయంత్రం బాగా తిప్పండి. రోజులో ఒక్కసారి అందరూ ఒకచోట చేరండి. వాడి పని వాణ్ణి చెయ్యనివ్వండి.”

ఆ పూట అందరం హాల్లో కలిసి తిన్నాం. ఆ పిల్లనీ వెళ్లనివ్వలేదు. కొడుకు డిపో జోకులు చెప్పాడు. మా ఆయన పోయాక ఆ జోకులు వినడం మళ్లీ అప్పుడే. మేస్త్రి ఆ అమ్మాయి కాలి మీద గడ్డం ఆనించి నిద్రపోయాడు.

ఆమె అటు గేటు దాటిందో లేదో, ఇటు మేస్త్రి లేచాడు. గేటు దగ్గర నిలబడి ఏడుపు. మేం నలుగురం చుట్టూ కూర్చున్నా పడుకోడు. హాలంతా తిరుగుతాడు, గేటుకి పోతాడు.

“చూశారా? మనం కూర్చున్నా అంతే,” అన్నాడు కొడుకు. కోపంగా కాదు, పాపం, బాధగానే.

మనవడు ఆ అమ్మాయికి ఫోన్ చేశాడు. “మీరు వెళ్లాక మళ్లీ మొదలండీ. పొద్దున్నే తోటాయన వస్తాడు.”

“వాణ్ణి పంపడం కుదరదు. నేను లెక్క తప్పను. పొద్దున్నే వస్తాను,” అని పెట్టేసింది.

ఆదివారం తోటాయన వ్యాను వాకిట్లో ఆగింది. మనవడు మేస్త్రి తాడు పట్టుకుని నిలబడ్డాడు. మేం అందరం అక్కడే ఉన్నాం. అయినా మేస్త్రి మా మొహాలు చూడ్డం, రోడ్డు వైపు చూడ్డం.

అంతలో ఆ అమ్మాయి వచ్చింది. పూల్ నుంచి నేరుగా వచ్చినట్టుంది, జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి, విజిల్ మెడలోనే ఉంది.

“ఆగండి! ఇంట్లో వాళ్లందరూ ఉన్నారా?” అంటూ గేటు లోపలికి అడుగు పెట్టింది.

మేస్త్రి ఆమె చుట్టూ ఒక్క రౌండు కొట్టాడు. భుజంతో మెల్లిగా తోసి మనవడి పక్కన నిలబెట్టాడు. ఇద్దరి కాళ్ల మీదుగా అడ్డంగా పడుకుని, పెద్ద నిట్టూర్పు వదిలాడు.

ఎవరు తక్కువయ్యారో అందరికీ ఒకేసారి అర్థమైంది. ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. మనవడివి అంతకు ముందే.

కోడలు నోరు విప్పింది, పాలు ఒలికించుకున్న కోడలే. “నిన్న రాత్రి వాడు ఏడ్చింది నీ కోసమమ్మా. నిన్ను కూడా తన లెక్కలో కలుపుకున్నాడు.”

“వాడు కలుపుకుంటే సరిపోతుందా ఆంటీ?” అంది తల వంచుకునే.

మనవడు తాడుని వేలికి చుట్టుకున్నాడు. “వాడికన్నా ముందు నేను… గేటు దగ్గర మొదటి రోజే… అంటే, మీరు తిట్టినప్పుడే…”

“ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు మరి?”

“కంగారు పడుతున్నానండీ.”

“కళ్లజోళ్లు అమ్ముతారు! నా కళ్లద్దాలకి ఏ రిపేరూ లేదని ఎప్పటికీ కనిపెట్టరా?”

తోటాయన పకపకా నవ్వాడు. “నాకు కుక్క ఎలాగూ దక్కేలా లేదు గానీ, కనీసం టీ అయినా ఇస్తారా?” కొడుకు ముందుకొచ్చి మనవడి చేతిలోంచి తాడు తీసుకున్నాడు. మేస్త్రి మెడ నుంచి విప్పేశాడు. “లోపలికి రండి, అందరూ,” అన్నాడు.

ఆ పిల్ల ఇప్పుడు మా ఇంటి పిల్ల. నిన్న వాళ్ల పూల్ పిల్లలు పోటీల్లో కప్పు గెలిస్తే, పేపర్లో పడిన ఆమె పేరు నేనే కూడబలుక్కుని అందరికీ చదివి వినిపించాను. మేస్త్రి నడవలో తన పరుపు మీద ఉంటాడు. సాయంత్రం తడి జుట్టుతో ఆమె గేటు తీసేదాకా తల ఎత్తే ఉంచుతాడు. తర్వాత ఇక వాడు లేవడు. అందర్నీ భోజనానికి కేకేసేది ఇప్పుడు మా కొడుకే.

నన్ను ఇంట్లో అందరూ మామ్మ అంటారు. వయసు డెబ్బై ఒకటి. ఉండేది నడవ పక్క గదిలో, తలుపు తెరిచే ఉంచుతాను.