తోడుపెట్టిన భయం

వాతావరణ సమాచారం తర్వాత అడవిలో భయం ఎంతుందో చెప్పడం 2094 నాటికి న్యూజిలాండ్‌లో మామూలైపోయింది. "హూయియా వనం, భయం రెండు" అని రేడియో చెబితే జనం నిశ్చింతగా టీ తాగేవాళ్లు. ఆ మధ్యాహ్నం మాత్రం కాపలా గదిలోని తెరమీద అంకె నలభై దాటింది.

ఓబులేశు చేతిలో అన్నం ముద్ద అట్లాగే ఉండిపోయింది.

"కావలీ, ఏం దూరిందిరా లోపలికి? ఎలకా?"

"ఎలక కాదన్నా," అంది యంత్రం, అతని చెవిలో. తొమ్మిదేళ్లు పక్కనుండి దానికి అతని అనంతపురం యాస అబ్బింది.

హూయియా ఆ దేశపు పక్షి. నల్లటి ఒళ్లు, తోక చివర తెల్లటి పట్టీ. మగదాని ముక్కు పొట్టిది, ఆడదానిది కొడవలిలా వంగినది. దాదాపు రెండు వందల ఏళ్ల కిందటే అంతరించిపోతే, మ్యూజియంలోని చర్మాల జన్యువుల నుంచి పన్నెండింటిని మళ్లీ పుట్టించారు. వాటిని కాయడానికి ఓబులేశు భయగ్రాహి అనే సెన్సార్ తయారుచేశాడు. వెంట్రుకంత తీగ, పక్షి మెడ చర్మం కింద ఉంటుంది. పక్షి దేన్ని చూసి భయపడితే దాని మీదకు దోమంత డ్రోన్‌లు, అతను ముల్లీగలనేవాడు, గుంపుగా పోయి విషం ఎక్కిస్తాయి.

చిక్కల్లా ఒక్కటే. నాలుగు కాళ్ల వేటజంతువు లేని దీవుల్లో పుట్టిన జాతి అది. దానికి భయమే తెలియదు. ముంగిసలాంటి జంతువు పక్కకొచ్చి నిలబడినా తల వంచి వింతగా చూసేది, మరు నిమిషంలో చచ్చేది. అందుకని ఓబులేశు తన భయాన్నే అరువిచ్చాడు. గొర్రెల మందలో పుట్టినవాడికి తోడేలు భయం కొత్త కాదు. చెవి వెనక ఎముకలో తీగ నాటించుకుని, పాలలో మజ్జిగ చుక్క వేసినట్టు, తన భయాన్ని కొద్దికొద్దిగా పక్షులకు తోడుపెట్టాడు. అవి నేర్చుకున్నాయి. ఆ తీగ ఇంకా అతని చెవి వెనకే ఉంది. ఎలుకలు, ఆ ముంగిసలాంటివి మాయమయ్యాయి.

"ఎలక కాకపోతే ఇంకేంది?"

"మనిషన్నా. మెరె."

ఓబులేశు ముద్ద వదిలేసి లేచాడు. మెరె ఆ అడవి సొంతదారులైన మావోరి తెగకు పెద్దదిక్కు. అందరూ ఆమెను ఫాయా అనేవాళ్లు, మనం పెద్దమ్మా అన్నట్టు. నిన్ననే ఆమె ఒక హూయియా పిల్లను తెచ్చి అతని బల్లమీద పెట్టింది.

"ఎక్కడా దెబ్బ లేదు. గుండె ఆగి చచ్చింది. దేనికి భయపడింది, ఓబూ?"

"ఏమో ఫాయా. చూస్తాను."

"మా పూర్వీకులు ఈల వేస్తే ఈ పిట్ట కొమ్మ దిగొచ్చేది. పట్టుకుని ఈకలు నాయకుల జుట్టులో పెట్టారు. ఆ తర్వాత ఓడలెక్కి కొత్త నేల వెతుక్కుంటూ వచ్చినవాళ్లు తుపాకీ గురిపెట్టినా పారిపోలేదట. అప్పుడు నమ్మి పోయింది. ఇప్పుడు నమ్మకం లేక పోతోంది." చనిపోయిన పిల్లను శాలువా కొంగులో చుట్టుకుంది. "రాహుయి పెడుతున్నా. సంతాపం తీరేదాకా అడవి మూసేస్తాం. మనుషులు రాకూడదు, నీ ఈగలూ ఎగరకూడదు. తర్వాత సంగతి మా వాళ్లు కూర్చుని తేలుస్తారు."

"మీ ఇష్టం ఫాయా," అని నవ్వాడు ఓబులేశు.

"నవ్వకు, నీ పళ్లు బాగుండవు," అందామె.

రాహుయి గుర్తుకర్ర పాతడానికే ఇప్పుడామె లోపలికి వెళ్లింది.

"ఆపు! ఈగల్ని ఆపురా!"

"నీ భయం డెబ్బై ఉందన్నా. భయపడే మనిషి ఆజ్ఞ చెల్లదని నువ్వే రాసినావు. ఎవురన్నా కత్తి పెట్టి చెప్పిస్తారేమోనని."

"ఆమంటే పిట్టలకేం భయంరా!"

"పిట్టలకేం లేదన్నా. తోడు నీది గదా."

ఓబులేశు పరుగెత్తాడు. తడిసిన ఫెర్న్ ఆకులు మొహానికి కొడుతున్నాయి. అడవిలో ఒక్క పిట్ట కూత లేదు. సన్నటి రొద మాత్రం ముందునుంచి వస్తోంది.

మెరె సగం పాతిన కర్ర పట్టుకుని నిలబడి ఉంది. ఆమె చుట్టూ ముల్లీగలు బూడిదరంగు పొగలా తిరుగుతున్నాయి. ఆ వలయం చిన్నదవుతోంది. కొమ్మలమీద పన్నెండు హూయియాలు ముక్కులు తెరిచి ఆమెనే చూస్తున్నాయి.

"కదలొద్దు ఫాయా! తప్పు పిట్టలది కాదు, నాది." రొప్పుతూ అన్నాడు. "అడవి మూస్తానంటే నా కాళ్ల కింద నేల పోయింది. తొమ్మిదేళ్ల పని. మీరు లేకపోతే బాగుండుననుకున్నా. నవ్వుతూనే అనుకున్నా."

"నవ్వినప్పుడే తెలిసింది," అంది మెరె. ఆమె కాలు కదపలేదు. "రా ఇట్లా."

వలయంలోకి నడిచాడు. ఆమె అతని మెడ పట్టి వంచి, నుదురుకు నుదురు, ముక్కుకు ముక్కు ఆనించింది. వాళ్ల జనం పలకరింపు అది. ఇద్దరి ఊపిరీ ఒకటయ్యే పలకరింపు. ఆమె ఊపిరి వెచ్చగా తగిలింది. పొగ పలచబడింది.

"ముప్పై. ఇరవై," అంది కావలి. "పది కిందికి రానీ అన్నా, ఆపమంటే ఆపుతా."

ఓబులేశు కళ్లు మూసుకున్నాడు. ఈ ముసలామె చావును తను కోరుకున్నాడు. నవ్వుతూ. రేపు ఇంకొకరు అడ్డమొస్తే? ఇన్నేళ్లూ ఈ మనిషినేనా తను ఒంట్లో పెట్టుకుని తిరిగింది? వెన్నులో సన్నగా చలి పుట్టింది.

"అన్నా, మళ్లా లేస్తాంది."

"ఆమంటే నాకిప్పుడు భయం లేదురా!"

"ఆమె మీద కాదన్నా."

కొమ్మలమీద పన్నెండు మెడలూ ఒక్కసారిగా అతని వైపు తిరిగాయి.