నాన్న ఛానల్

ఆ రోజు సెలవు. ఇంట్లో ఎవరికీ తొందర లేదు. కోడలు గోరువెచ్చని నీళ్ల బకెట్టు మామగారి గదిలోకి తీసుకెళ్లి, మడమతో తలుపు నెట్టి, గడియ పెట్టింది.

"గడియ వేశావా అమ్మాయ్?"

"వేశాను మావయ్యా."

ఆ మాట విన్నాకే ఆయన దుప్పటి మీద పట్టు వదిలారు. పక్షవాతంతో కుడివైపు పడిపోయి ఏడాది దాటింది. మాట ముద్దముద్దగా వస్తుంది. బుర్ర మాత్రం ఎప్పటిలాగే పదును. కోట్లు కుట్టడంలో పేరున్న దర్జీ ఆయన. ఛాతీ కొలత తీయాలన్నా మనిషిని తెర వెనక్కి పిలిచి తీసేవారు. చొక్కా విప్పిన మనిషిని నలుగురిలో నిలబెట్టకూడదని దుకాణంలో కుర్రాళ్లకు చెప్పేవారు. ఇప్పుడు ఆయన్నే రోజూ విప్పి, తుడిచి, పొడి బట్ట వేసి పడుకోబెట్టాలి. ఆ పని కోడలిది. ఆమె ఊపిరి బిగబట్టి చేస్తుంది. అయ్యాక పెరట్లోకి వెళ్లి గట్టిగా గాలి పీల్చుకుంటుంది. ఆ సంగతి ఆయనకు తెలుసో తెలియదో ఆమె ఎప్పుడూ అడగలేదు.

బీరువా మీద తెల్లటి చిన్న డబ్బా ఒకటి ఉంది. అది కెమెరా. గదిలో ఎవరూ లేనప్పుడు ఆయన ఎలా ఉన్నారో ఫోన్లో చూసుకోవడానికని భర్త పెట్టాడు. ఒళ్లు తుడిచే వేళ ఆపేస్తానని మాటిచ్చాడు. మామగారితో మాత్రం అది ఇంటర్నెట్టు బాగా రావడానికని చెప్పారు. నిజం చెబితే నొచ్చుకుంటారని ఆమే సలహా ఇచ్చింది.

పని పూర్తయ్యేసరికి భర్త గుమ్మం అవతల నిలబడి ఉన్నాడు. అతను రోజూ అక్కడి నుంచే పలకరిస్తాడు.

"నాన్నా, అక్కావాళ్లింటికి వెళ్లొస్తాం. కొత్త టీవీ కొన్నారట. మేం లేనప్పుడు వచ్చే ఆయమ్మ ఉంటుంది నీ దగ్గర."

"నీ సామాను మర్చిపోకు, ఇంజనీరూ," అన్నారు ఆయన.

అతను ఇంజనీరు కాదు, ఓ గోదాములో స్టోరు కీపరు. కానీ బంధువుల్లో ఎవరింట్లో వైరు ఊడినా, ఫోను మొరాయించినా అతనికే కబురు వస్తుంది. ఆ పేరు అలా వచ్చింది. ఆ పేరంటే అతనికి ఇష్టం కూడా.

*

వదినగారి హాల్లో టీవీ గోడ సగం ఆక్రమించింది. ఆవిడ అత్తగారు కాళ్లు పైకి పెట్టుకుని సోఫాలో కూర్చుంది. వదిన భర్త బిస్కెట్లు తింటూ, పొట్ట మీద పడిన పొడిని దులుపుకుంటున్నాడు.

ఇంజనీరు వేలెడంత స్టిక్కును టీవీ వెనక గుచ్చి, నెట్టుకు కలిపి, ప్లేయర్ యాప్ ఎక్కించాడు. తెర మీద నల్లటి పేజీ వచ్చింది. అందులో ఏమీ లేదు.

"ఇదేంటి బావమరిదీ? ఇంతసేపు కష్టపడి చీకటి తెప్పించావు?"

"యాప్ అంటే ఖాళీ గిన్నె బావా. ఇందులో ఛానళ్లు ఉండవు. లింకు ఇస్తే అప్పుడొస్తాయి."

"అయితే పొయ్యి. ఆకలేస్తోంది నా టీవీకి."

రిమోట్ బాణాలతో ఒక్కో అక్షరాన్ని వెతికి నొక్కుతూ అతను లింకు కొట్టాడు. ఒక చుక్క తప్పిపోతే మళ్లీ మొదటి నుంచి కొట్టాడు. ఇంట్లో తన టీవీ కోసం తయారుచేసుకున్న ఛానళ్ల వరస అది. అదే లింకు ఇస్తే ఎవరింట్లోనైనా అదే వరస వస్తుంది. చక్రం తిరిగి తిరిగి ఆగింది. తెర నిండా ఛానళ్ల పేర్లు బారులు తీరాయి.

"శభాష్," అంది వదిన. "అత్తయ్యా, రిమోట్ మీరే పట్టుకోండి. కింద బాణం నొక్కుతూ పోండి."

పెద్దావిడ నొక్కుతూ పోయింది. వార్తలు, వంటలు, సీరియళ్లు, జంతువులు గడిచిపోయాయి. అన్నింటికీ అడుగున 'నాన్న' అని ఒక పేరు ఉంది. ఆవిడ దాన్నీ నొక్కింది.

తెర మీద ఒక గది కనిపించింది. మంచం మీద ముసలాయన పక్కకు తిరిగి ఉన్నారు. ఒంటి మీద నూలుపోగు లేదు. ఆయమ్మ ఒక చేత్తో ఆయన తొడ ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో మలం తుడుస్తోంది. గోడంత టీవీలో వెన్నెముక మీది పుళ్లు కూడా కనిపిస్తున్నాయి.

కోడలు చేతిలోని టీ కప్పు కింద పెట్టేసింది.

ఎవరూ తల తిప్పుకోలేదు. పెద్దావిడ కళ్లజోడు సర్దుకుంది. వదిన భర్త చేతిలో బిస్కెట్టు నోటిదాకా వెళ్లి ఆగి, తర్వాత నోట్లోకి వెళ్లింది. "ఏమైనా క్లారిటీ మాత్రం బాగుందిరా," అన్నాడు నములుతూ.

"మా వియ్యంకుడే కదూ?" అంది పెద్దావిడ. "పాపం, ఎంత చిక్కిపోయాడు."

ఇంజనీరు రిమోట్ కోసం చెయ్యి చాపాడు. పెద్దావిడ ఇవ్వలేదు. కోడలు లేచి టీవీ వెనక చెయ్యి పెట్టి స్టిక్కును లాగేసింది. అది అరచేతిలో వెచ్చగా తగిలింది. బతికున్న దాన్నేదో పట్టుకున్నట్టు ఆమె ఒళ్లు జలదరించింది. దాన్ని బిస్కెట్ల పళ్లెంలో పడేసి, చీర కొంగుకు చెయ్యి తుడుచుకుంది.

"అంత కోపం ఎందుకమ్మా?" అంది వదిన. "పరాయివాళ్లెవరున్నారు ఇక్కడ? ఆ మాటకొస్తే నా ఫోన్లో నేను రోజూ చూస్తున్నదే."

"రోజూనా?"

"తమ్ముడు ఎప్పుడో ఇచ్చాడు ఈ లింకు. నాన్నని చూడకుండా ఉండలేనంటే ఇచ్చాడు. పొద్దున కాఫీ తాగుతూ ఒకసారి చూసుకుంటాను. మనసు కుదుటపడుతుంది."

"పొద్దున ఆ వేళకి నేను గదిలో ఉంటాను వదినా."

"తెలుసు. చూస్తాగా." వదిన గొంతు తగ్గించింది, తగ్గించినా అందరికీ వినపడింది. "మొన్న దుప్పటి తీస్తూ నువ్వు మొహం ఎలా పెట్టావో కూడా చూశాను. పోనీలే, విసుగుంటుందిలే అని ఊరుకున్నాను. ఎవరితోనూ అనలేదు, ఒక్క అత్తయ్యతో తప్ప."

కోడలు పెద్దావిడ వైపు చూసింది. పెద్దావిడ చూపు మళ్లించి, చీకటైన టీవీ వైపు చూస్తూ కూర్చుంది.

వదిన ముక్కు చివర, పెదవుల మీద, కప్పు పట్టుకున్న వేళ్ల మీద కోడలి చూపు ఒకసారి తిరిగింది. ఈ మనిషి కాఫీ తాగుతూ కన్నతండ్రి మలాన్ని చూస్తుంది. తన వంగిన నడుముని, జారిన పైటని చూస్తుంది. చూసి మనసు కుదుటపరుచుకుంటుంది. రావాలంటే బస్సులో గంట ప్రయాణం. కిందటి నెల రాలేదు, అంతకు ముందు నెలా రాలేదు.

"మీ నాన్నగారికి వెన్ను మీద పుళ్లు పడ్డాయి," అంది నెమ్మదిగా. "క్లారిటీ బాగుంది కదా, చూసే ఉంటారు. ఒక్కసారి కూడా ఫోన్ చేసి అడగలేదు మీరు."

వదిన కప్పు కింద పెట్టింది. కోడలు చెప్పులు వేసుకుని బయటికి నడిచింది.

*

బస్సులో అతను పక్కన కూర్చుంటే ఆమె కిటికీ వైపు జరిగింది. అతని మోచేయి తగిలితే ఇంకా జరిగింది. అతను ఫోన్ తీశాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"నాన్న పేరు అక్కడ ఉందన్న సంగతే మర్చిపోయాను," అన్నాడు చివరికి. "ఆఫీసు నుంచి చూడ్డానికి నా లిస్టులో నేనే కలుపుకున్నాను. అక్కకి కూడా అదే ఇచ్చాను. ఇవాళ కూడా అలవాటుగా అదే కొట్టేశాను."

"నేను అడుగుతున్నది అది కాదు. ఒళ్లు తుడిచే వేళ ఆపేస్తానన్నారు."

"మొదట్లో ఆపేవాణ్ణి."

"తర్వాత?"

అతను ముందు సీటు కమ్మీని గోటితో గీకుతూ కూర్చున్నాడు.

"తర్వాత ఆపబుద్ధి కాలేదు. ఆయనకి ఒంట్లో ఎలా ఉందో ఆ కాసేపే కదా తెలిసేది. పుండు మానిందా, కాలు కదుపుతున్నాడా అని."

"గది హాలుకి ఆనుకునే ఉంది. తలుపు తీసి వస్తే తెలుస్తుంది."

"రాలేను." ఆ మాట నోటినుంచి వచ్చాక అతను ఆపుకోలేకపోయాడు. "నావల్ల కాదు. నాన్నని ఆసుపత్రి నుంచి తెచ్చిన రెండోరోజే ప్రయత్నించాను. ఆ వాసన... అన్నం ముందు కూర్చున్నా ముక్కులోనే ఉండేది. నా కన్నతండ్రి అని ఎంత చెప్పుకున్నా కడుపులో తిప్పేది. అందులో చూస్తే ఆ బాధ ఉండదు. తెర మీద వాసన రాదు."

బస్సెక్కాక ఆమె మొదటిసారి అతని మొహంలోకి చూసింది. అసహ్యం తగ్గలేదు. కానీ అది అతని ఒక్కడి మీదే నిలవలేదు. పెరట్లో తను పీల్చుకునే గాలి గుర్తుకొచ్చింది. ఆ వాసన తనకూ పడదు. పడకపోయినా చెయ్యి పెడుతోంది, అంతే తేడా.

"రోజూ గడియ వేశావా అని అడుగుతారు ఆయన," అంది. "వేశానని చెబుతాను. ఇన్నాళ్లూ నాచేత అబద్ధం చెప్పించారు మీరు. నెట్టు డబ్బా అని చెప్పింది నేనూ కాబట్టి నాకూ వాటా ఉంది. కానీ నిజం చెప్పాల్సింది మీరే. ఇవాళే. గుమ్మంలో నిలబడి కాదు."

*

ఆయమ్మ వెళ్లిపోయాక, బీరువా మీది డబ్బా తీసేయడానికి అతను స్టూలు తీసుకుని గదిలోకి వెళ్లాడు. ఆమె వంటింట్లో గిన్నె ముందు నిలబడి ఉంది. తలుపు తెరిచే ఉంది కాబట్టి మాటలు వినిపిస్తున్నాయి.

"నెట్టు చెడిపోయిందా?" మామగారి గొంతు.

"ఇది నెట్టు డబ్బా కాదు నాన్నా. కెమెరా."

మిగతాది అతను గబగబా చెప్పేశాడు. స్టూలు మీదే నిలబడి చెప్పాడో, దిగి చెప్పాడో ఆమెకు తెలియలేదు.

"ఎవరెవరు?" అన్నారు ఆయన.

"నాన్నా..."

"ఎవరెవరు చూశార్రా?"

"అక్క."

"అది ఆడపిల్ల." ఊపిరి తీసుకున్నారు. "మీ బావ?"

"ఊఁ."

"వాళ్లమ్మ?"

"ఊఁ."

మంచం కిర్రుమంది. ఎడమ చేత్తో దుప్పటిని మెడదాకా లాక్కుంటున్నారని ఆమెకు ఆ చప్పుడులోనే అర్థమైంది.

"అమ్మాయి కూడా కనిపించిందా అందులో?"

స్టూలు పక్కకు జరిపిన చప్పుడైంది.

"నన్ను చూసింది చాలదురా? ఆ పిల్ల నా కోసం ఎలా పడితే అలా వంగుతుంది, చీర తడుపుకుంటుంది. దాన్ని కూడా కూర్చోబెట్టి చూపించావా నలుగురికీ?" ముద్దగా వచ్చే మాట ఒక్కొక్కటీ కష్టపడి బయటికొస్తోంది. "ముందు దానికి చెప్పుకో. నా సంగతి తర్వాత."

వంటింట్లో ఆమె కొంగుతో నోరు మూసుకుంది. ఆ ఇంటికి వచ్చాక తన గురించి ఎవరైనా అలా అడగడం ఆమెకు గుర్తు లేదు.

అప్పుడే అతని ఫోన్ మోగింది. అతను స్పీకర్ ఆపలేదు, మర్చిపోయాడో, కావాలనో.

"ఒరేయ్ తమ్ముడూ, నాన్న రావట్లేదేంటి ఫోన్లో?"

"ఇక రాడక్కా."

"అదేంటి? మరి నేను నాన్నని ఎలా చూడను?"

"బస్సెక్కు," అని అతను ఫోన్ పెట్టేశాడు.

మామగారి నుంచి నవ్వు కాదు, నవ్వులాంటి గురక వచ్చింది. కాసేపటికి ఆయన గొంతు వేరేగా వినిపించింది, చిన్నగా. "పక్క తడిసినట్టుంది. అమ్మాయిని పిలు."

"నేను చేస్తాను."

"నీవల్ల కాదులే."

"చేస్తాను నాన్నా."

ఆమె కదలలేదు. బకెట్టు చప్పుడైంది. తర్వాత పరుగు, పెరటి తలుపు, అతను వాంతి చేసుకుంటున్న చప్పుడు. పేగులు బయటికొస్తాయేమో అన్నట్టు కక్కుతున్నాడు. వెళ్లి వీపు నిమరాలని ఆమె కాళ్లు ముందుకు పడబోయాయి. ఆపుకుంది. కుళాయి తిరిగింది. తడి మొహంతో అతను వంటింటి గుమ్మం దాటి, ఆమె వైపు చూడకుండా మళ్లీ ఆ గదిలోకే వెళ్లాడు.

"బట్ట లాగకురా, మనిషిని తిప్పు. ముందు భుజం."

"ఇలాగా?"

"మెల్లిగా. ఆ అంచు కుట్టు పైకి పెట్టావు, పుండుకి ఒరుసుకుంటుంది. తిరగెయ్యి. దర్జీ కొడుకువై కుట్టు ఏ వైపో తెలీదు నీకు."

"నేర్పలేదుగా."

"ఎప్పుడొచ్చావు నేర్చుకోవడానికి?"

మళ్లీ ఒకసారి పెరట్లోకి పరుగెత్తాడు. మళ్లీ వెళ్లాడు.

చీకటి పడుతుండగా అతను బయటికొచ్చి వంటింటి గట్టు పక్కన, ఆమెకు దగ్గరగా నేల మీద కూలబడ్డాడు. చొక్కా ముందంతా తడిసింది. సబ్బుతో ఎంత రుద్దుకున్నాడో ఏమో, చేతులు ఎర్రబడ్డాయి. అయినా వాటి నుంచి ఆ వాసనే వస్తోంది.

"నీకు చెప్పుకోమన్నాడు నాన్న," అన్నాడు. మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు.

ఆమె ఊపిరి బిగబట్టలేదు. పక్కకు జరగలేదు. అతన్ని ఇంకా కోపంగానే అడిగింది, "పుండుకి మందు రాశారా?"

"రాయలేదు."

"లేవండి. రాయాలి."